బాగ్దాదు నుంచి నర్సాపురం దాకా: తక్కువతో బ్రతికినవాళ్లు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మన యవ్వనస్థులు నలుగురు చాపలు చుట్టి పెడుతూ మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. అందులో ఒక అబ్బాయి భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "అయ్యగారూ, మిషనరీల త్యాగం, మిషనరీల త్యాగం అని ఎప్పుడూ చెబుతారు. వాళ్లకి బంగళాలు ఉన్నాయి, వంటవాళ్లు ఉన్నారు, పల్లకీ మోసే బోయీలు ఉన్నారు. మా తాతముత్తాతలు పేటలో గంజి తాగి బతికారు. మరి త్యాగం ఎవరిది?" అన్నాడు.

అబ్బాయి వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. అప్పటికప్పుడు మా నోట సరైన జవాబు రాలేదు. ఇంటికి వచ్చాక అమ్మగారు, మేము చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. ఒక మనిషి సంగతి చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేమనిపించింది. ఆయన మన గోదావరి జిల్లాలో కాపురం ఉన్న మనిషి కాదు. కానీ ఆయన లేకపోతే నర్సాపురం, పాలకొల్లు సంఘాల చరిత్ర ఇలా మొదలయ్యేది కాదు. అందుకే ఈ వారం వాక్యధ్యానానికి బదులు కొంత చరిత్ర రాస్తున్నాం. ఓపికగా చదవండి.

ఆయన పేరు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. 1795లో ఇంగ్లాండులో పుట్టారు. వృత్తికి పళ్ల డాక్టరు. ఎక్సెటర్ అనే పట్నంలో మంచి ప్రాక్టీసు ఉండేది. ఏడాదికి దాదాపు 1500 పౌండ్లు వచ్చేవని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. ఆ రోజుల్లో అక్కడ ఒక కూలి కుటుంబం ఏడాదంతా కష్టపడినా 30, 40 పౌండ్లు కళ్లజూడటం కష్టం. అంటే ఆయన ఎంత కలిగినవారో మీరే లెక్క వేసుకోండి.

ఆయన భార్య పేరు మేరీ. భర్త సువార్త పనికి దూరదేశం వెళ్దామంటే మొదట్లో ఆమె ఒప్పుకోలేదు. ఆయన బలవంతం చేయలేదు. ఇద్దరూ కలిసి ముందు చిన్నగా మొదలుపెట్టారు. ఆదాయంలో పదో వంతు బీదలకు ఇచ్చారు. కొన్నాళ్లకు నాలుగో వంతు ఇచ్చారు. ఆ డబ్బు పంచడానికి బీదల ఇళ్లకు తిరుగుతూ తిరుగుతూ ఆమె మనసే మారింది. చివరికి ఇంటి ఖర్చుకు సరిపడా ఉంచుకుని మిగిలినదంతా ఇచ్చేయడానికి ఇద్దరూ ఏకమనస్సుతో తీర్మానించుకున్నారు. 1825లో గ్రోవ్స్ ఈ విషయం మీద ఒక చిన్న పుస్తకం వేశారు. విశ్వాసి కష్టపడి పని చేయాలి, తక్కువతో బ్రతకాలి, మిగిలింది ఇచ్చేయాలి, రేపటి కోసం కూడబెట్టకూడదు అన్నది దాని సారం. మత్తయి 6వ అధ్యాయం మనం ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. ఆయన దాన్ని ఇంటి జమాఖర్చు పుస్తకంలోకి తెచ్చుకున్నారు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. గురువుగా అభిషేకం పొంది మిషనరీగా వెళ్దామని ఆయన డబ్లిన్‌లో చదువు మొదలుపెట్టారు. చివరి పరీక్షకు వెళ్లడానికి 40 పౌండ్లు దాచుకుంటే ఆ సొమ్ము దొంగలు ఎత్తుకుపోయారు. పన్ను కట్టడానికి విడిగా పెట్టిన డబ్బు మాత్రం అలాగే ఉంది. ఇక ఈ చదువు వద్దని దేవుడు చెబుతున్నాడని ఆయన అనుకున్నారు. డిగ్రీ లేకుండా, అభిషేకం లేకుండా, జీతం ఇచ్చే సొసైటీ లేకుండా బయలుదేరారు. విశ్వాసులు కూడుకుని రొట్టె విరవడానికి ఫలానా గురువే ఉండాలన్న నియమం వాక్యంలో లేదని ఆ రోజుల్లోనే స్నేహితులతో అన్నారు. బ్రదరన్ సంఘాలకు మొదటి విత్తనాల్లో అది ఒకటి. మన జిల్లాలో ఇవాళ ఆ సహవాసాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

1829 జూన్‌లో బయలుదేరి, రష్యా మీదుగా, కాకసస్ కొండలు దాటి, ఆ డిసెంబరుకు బాగ్దాదు చేరారు. భార్య, ఇద్దరు చిన్న కొడుకులు, వాళ్లతో ఇంకొందరు. పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చిన మనిషి జాన్ కిట్టో. చిన్నప్పుడు నిచ్చెన మీద నుంచి పడి పూర్తిగా చెవుడు వచ్చిన మనిషి ఆయన. తర్వాతి కాలంలో పెద్ద బైబిలు పండితుడయ్యాడు. చెవిటివాడు పాఠం ఏం చెబుతాడని వదిలేయకుండా గ్రోవ్స్ ఆయన్ని ఇంట్లో పెట్టుకున్నారు.

బాగ్దాదు చుట్టూ ఎడారి. మధ్యలో టైగ్రిస్ నది. ఊళ్లో ముస్లింలు, యూదులు, ఆర్మీనియా క్రైస్తవులు, సిరియా క్రైస్తవులు. గ్రోవ్స్ అక్కడ భాష నేర్చుకోవడానికి కూర్చున్నారు. కంటి జబ్బులకు వైద్యం చేశారు. ఒక బడి తెరిచారు. ఊరి ఆర్మీనియా పిల్లలు అక్కడ చదువుకున్నారు. పెద్ద ఎత్తున మారుమనస్సులు ఏమీ జరగలేదు. ఎడారి ఊళ్లో సేవ అంటే మనం పెద్ద పెద్ద సాక్ష్యాలు ఊహించుకుంటాం. ఆయన దినచర్య పుస్తకంలో ఎక్కువగా ఉన్నది మామూలు రోజుల సంగతి: భాష, బడి, రోగులు, ప్రార్థన.

1831 వచ్చింది. ఊరిలో ప్లేగు పడింది. పారిపోవడానికి వాళ్లకు వీలుంది. బ్రిటిషు రెసిడెంటు తన పడవల్లో బస్రాకు తీసుకువెళ్తానని అన్నారు. ఆ రాత్రి గ్రోవ్స్, మేరీ ప్రార్థన చేసుకుని ఉండిపోవడానికే నిర్ణయించుకున్నారు. బడి పిల్లలను, ఇరుగుపొరుగును వదిలి వెళ్లడం వాళ్లకు సబబు అనిపించలేదు. రోజుకు వెయ్యికి పైగా మనుషులు చనిపోతున్నారని ఆయన రాసుకున్నారు. ప్లేగు పోకముందే టైగ్రిస్‌కు వరద వచ్చింది. ఊరి గోడ తెగింది. వేల ఇళ్లు కూలిపోయాయి. తర్వాత పాత పాషాను దించడానికి సుల్తాను పంపిన సైన్యం ఊరిని చుట్టుముట్టింది. తిండి దొరకలేదు. దోపిడీగాళ్లు ఇళ్ల మీద పడ్డారు.

మే నెలలో మేరీకి ప్లేగు సోకింది. కొద్ది రోజుల్లోనే కన్నుమూసింది. ఆమె ఒడిలో ఉన్న పసిపాప కూడా ఆ ఏడాదే పోయింది. బడి పిల్లల్లో చాలామంది మిగల్లేదు.

మేము ఇక్కడ కొంచెం ఆగుతాం. ఇలాంటి కథలు వేదిక మీద చెప్పి మనుషులను ఏడిపించడం తేలిక. గ్రోవ్స్ మాత్రం తాను అడిగిన ప్రశ్నలను దాచుకోలేదు. దేవుడు ఎందుకు ఇలా చేశాడో తెలియక ఆయన నలిగిపోయాడు, ఆ నలుగుబాటు రాసుకున్నాడు. "మాకు ఏమీ కాదు" అన్న ధైర్యంతో ఆ దంపతులు ఉండిపోలేదు. అవుతుందేమో అని తెలిసే ఉండిపోయారు. కరోనా రెండో అలలో మన ఊళ్లలో కొందరు బోధకులు "విశ్వాసికి రోగం రాదు" అని చెప్పి జనాన్ని కూడగట్టిన సంగతి మనకు గుర్తుంది. ఆ మాటకు, మేరీ గ్రోవ్స్ తీసుకున్న నిర్ణయానికి చాలా దూరం ఉంది.

ఇప్పుడు ఎడారి నుంచి మన వైపు వద్దాం.

ఆర్థర్ కాటన్ దొర పేరు తెలియని ఇల్లు గోదావరి జిల్లాల్లో లేదు. ఆ కాటన్ విశ్వాసి. గ్రోవ్స్‌తో ఆయనకు స్నేహం. కాటన్ ఆహ్వానం మీద 1833లో గ్రోవ్స్ బాగ్దాదు విడిచి ఇండియా వచ్చి ఊళ్లు తిరిగి చూశారు. అప్పుడు మన ప్రాంతం ఎలా ఉండేదో నేటి పిల్లలకు ఊహకు కూడా అందదు. 1832, 33ల్లో కోస్తాను నందన కరువు తినేసింది. గుంటూరు వైపు దారుల పక్కన శవాలు తీసేవాళ్లు లేరు. మన గోదావరి ఏడాదికి కొన్ని నెలలు ఊళ్లను ముంచేది, మిగతా నెలలు మనిషికి అందకుండా సముద్రానికి పోయేది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు ఉంటే 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు లేకుండా పోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊరొదిలి పోయారు. ఇవాళ ఎటు చూసినా వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరిచెట్లు. నూట తొంభై ఏళ్ల కింద ఇది పక్కనే నది పారుతున్న ఎడారి.

గ్రోవ్స్ ఇంగ్లాండు తిరిగి వెళ్లి, సేవకు మనుషులు కావాలని సంఘాలను అడిగారు. డెవన్ ప్రాంతంలో బార్న్‌స్టేపుల్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడ రాబర్ట్ చాప్‌మన్ అనే దైవజనుడు సంఘాన్ని కాస్తుండేవారు. ఆ వైపు నుంచి రెండు జంటలు ముందుకొచ్చాయి. విలియం బౌడెన్, ఆయన భార్య. జార్జి బీర్, ఆయన భార్య. వీళ్లు దొరల బిడ్డలు కారు, కాలేజీ పట్టాలవాళ్లు కారు. కష్టం చేసుకుని బ్రతికే మామూలు కుటుంబాలవాళ్లు. 1836లో గ్రోవ్స్‌తో కలిసి ఓడ ఎక్కి మద్రాసులో దిగారు. ముందు మచిలీపట్నంలో ఉండి తెలుగు నేర్చుకున్నారు. తర్వాత నర్సాపురం వచ్చేశారు. తర్వాత పాలకొల్లులో కూడా పని మొదలైంది. గోదావరి డెల్టా మిషన్ అని మనం అనేది దీన్నే.

భీమవరంలో నర్సాపురం పాసింజరు ఎక్కితే వీరవాసరం, లంకలకోడేరు, పాలకొల్లు దాటి గంటలోపు దిగుతాం. వాళ్లు వచ్చిన రోజున రైలు లేదు, కాలువ లేదు, రోడ్డు కూడా సరిగా లేదు. నర్సాపురం వశిష్ఠ గోదావరి ఒడ్డున పాత రేవు. అంతకు ముందు డచ్చివాళ్లు అక్కడా పాలకొల్లులోనూ వ్యాపారం చేసి పోయారు. పాలకొల్లులో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. డచ్చివాళ్లు బట్టలు కొనడానికి వచ్చారు. బౌడెన్, బీర్ అమ్మేందుకు, కొనేందుకు ఏమీ లేకుండా వచ్చారు.

నెలనెలా జీతం పంపే సొసైటీ వీళ్లకు లేదు. ఇంగ్లాండులో విశ్వాసులు ప్రేమతో పంపితే ఉంది, లేకపోతే లేదు. ఒక ఉత్తరం రాసి జవాబు అందుకోవాలంటే, తెరచాప ఓడలు ఆఫ్రికా చుట్టి రావాలి కాబట్టి, ఏడాది దగ్గర దగ్గర పట్టేది. ఈ నెల బియ్యం అయిపోతే వచ్చే ఏడాది సాయం వస్తుందన్నమాట! అలాంటి స్థితిలో పక్కవాళ్ల మీద ఆధారపడక తప్పదు. ఊరివాళ్లు ఏ బియ్యం తింటే అవే తినాలి, వాళ్లు ఏ నీళ్లు తాగితే అవే తాగాలి, వాళ్లకు ఏ జ్వరం వస్తే ఆ జ్వరమే పడాలి. వాళ్లు భాషను మున్షీ దగ్గర పాఠంగానే కాక సంతల్లో, తీర్థాల్లో, వీధి అరుగుల మీద నేర్చుకున్నారు. చాలా ఏళ్లు ఫలం పెద్దగా కనబడలేదు.

1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టారు. 1852కు పూర్తయింది. కూలి పనికి జిల్లా నలుమూలల నుంచి వేలాది మంది వచ్చారు. రాయి కొట్టేవాళ్లు, మట్టి మోసేవాళ్లు, సున్నం కలిపేవాళ్లు. వాళ్లలో చాలామంది పేటల నుంచి వచ్చిన మన పెద్దలే. ఎవరి ఊళ్లో వాళ్లు ఉన్నంతకాలం చెరువు దగ్గరకు రానివ్వని, వీధిలో నడవనివ్వని మనుషులు. ఆనకట్ట దగ్గర గుడారాల్లో కులానికి ఒక వాడ గీయడం కుదరలేదు. మన మిషనరీలు ఆ కూలీల మధ్యకు వెళ్లి సువార్త చెప్పారు. అక్కడ విన్న మాటను కూలీలే తమ ఊళ్లకు మోసుకెళ్లారు. మన ప్రాంతంలో ఎన్నో పేటల్లో సంఘం మొదలైంది దొర ప్రసంగంతో కాదు. పనికి వెళ్లి తిరిగొచ్చిన ఒక కూలి మనిషి, రాత్రి దీపం దగ్గర చెప్పిన మాటతో మొదలైంది. ఆ మనుషుల పేర్లు చాలావరకు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

బాబూ, నీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ ఉంది. త్యాగం మిషనరీలది మాత్రమే కాదు. బాప్తిస్మం తీసుకున్నందుకు ఆసామి పని ఇవ్వకపోతే పస్తులున్న నీ ముత్తాతలదీ త్యాగమే. మన సంఘ చరిత్రలు రాసినప్పుడు ఓడ దిగినవాళ్ల పేర్లు ముందు రాసి, మట్టి తట్ట దించినవాళ్లను "స్థానికులు" అని ఒక్క మాటలో కలిపేశాం. అది మా తరం బోధకులు దిద్దుకోవాల్సిన తప్పు.

ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. ఎంచుకున్న లేమి వేరు, పుట్టుకతో వచ్చిన లేమి వేరు. గ్రోవ్స్‌కు పడవ సిద్ధంగా ఉంది, ఎక్కలేదు. బౌడెన్, బీర్ కుటుంబాలకు తిరిగి వెళ్లడానికి ఒక దేశం ఉంది. పేటలోని మనిషికి ఎక్కడానికి పడవే లేదు. కాబట్టి "మిషనరీ బీదగా బతికాడు కదా, మీరూ తృప్తిగా ఉండండి" అని బీదవాడికి చెప్పడం వాక్యం కాదు, మోసం. పౌలు గారు ఫిలిప్పీ పత్రికలో తృప్తి గురించి మాట్లాడింది తన గురించే. ఆకలితో ఉన్న పొరుగువాడికి తృప్తి నేర్చుకోమని ఆయన చెప్పలేదు. నిరాడంబరంగా బ్రతకమన్న మాట ముందు ఉన్నవాడికి. అందులో బోధకుడికి మరీ ముందు.

మిషనరీలందరూ ఇలా బ్రతికారని కూడా మేము చెప్పడం లేదు. నువ్వు చెప్పిన బంగళాలు, నౌకర్లు, పల్లకీలు నిజమే. గ్రోవ్స్ బాధ కూడా అదే. తెల్లవాడు దొరలా ఉంటే ఇండియా విశ్వాసి ఎప్పటికీ నౌకరులాగానే ఉండిపోతాడని, ఇద్దరూ సహోదరుల్లా ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని, ఇక్కడి సంఘాన్ని ఇక్కడివాళ్లే నడుపుకోవాలని ఆయన వాదించారు. ఆయన దగ్గర ఉన్న అరులప్పన్ అనే తమిళ సహోదరుడు విదేశీ జీతం మీద ఆధారపడకుండా తిరునల్వేలి వైపు తానే సంఘాలు కట్టాడు. అది 1840ల నాటి మాట. స్వదేశీ సంఘం అని మనం ఇవాళ గొప్పగా చెప్పుకునే దానికి అంత పాత వేరు ఉంది.

అయితే ఆ గ్రోవ్స్ గారే తర్వాత ఒక గుంటలో పడ్డారు. దాన్ని దాచితే ఈ వ్యాసం రాయడమే దండగ. 1837 నుంచి ఆయన చిత్తూరులో కాపురం పెట్టారు. ఎవరి మీదా భారం కాకుండా సొంత చేతులతో సంపాదించి సేవ చేయాలన్నది ఉద్దేశం. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు గారి మాదిరి కదా. మంచిదే. పొలం తీసుకున్నారు. తర్వాత పట్టుపురుగుల పెంపకం మొదలుపెట్టారు. దాని కోసం అప్పు చేశారు. పట్టు దెబ్బతింది. అప్పు పెరిగింది. సంవత్సరాల తరబడి ఆ అప్పు ఆయన్ని కుంగదీసింది. వాక్యం చెప్పాల్సిన మనిషికి లెక్కల దిగులు పట్టుకుంది. ఆరోగ్యం పోయింది. చివరికి ఇంగ్లాండు వెళ్లి, 1853 మే 20న బ్రిస్టల్‌లో తన చెల్లెలి భర్త జార్జి ముల్లర్ ఇంట్లో కన్నుమూశారు. ఆ ముల్లర్ అనాథ పిల్లల పరిచర్య మీకు తెలిసిందే. విశ్వాసంతో బ్రతకడంలో ముల్లర్‌కు మాదిరి చూపినవాళ్లలో గ్రోవ్స్ ఒకరు. శిష్యుడిలాంటివాడి పని నిలబడింది, మాదిరి చూపిన మనిషి తన జీవితం విఫలమైందన్న బాధతోనే పోయారు.

రేపటికి కూడబెట్టవద్దని పుస్తకం రాసిన మనిషి రేపటి సంపాదనను నమ్మి అప్పు చేశాడు. ఉద్దేశం మంచిదే. సేవ కోసమే. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు చూసినవాళ్లకు ఈ కథ అర్థం చేయించనక్కర్లేదు. ఒక పంటకు వైరస్ పడితే, రేటు పడిపోతే, లీజు, మేత, కరెంటు, వడ్డీ, అన్నీ ఒకేసారి గుమ్మంలో నిలబడతాయి. మన విశ్వాసుల్లో ఎందరి కన్నీళ్లు ప్రార్థన గదిలో చూశామో దేవునికి తెలుసు.

మా సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద మేము ఫైనాన్సు మీద కారు తీసుకున్నాం. చాలా ఊళ్లు తిరగాలి, వర్షంలో ఇబ్బంది, పరిచర్యకే కదా అనుకున్నాం. ఆ కారులో మొదటిసారి ఒక పేటకు వెళ్లినప్పుడు, ఎప్పుడూ లోపలికి పిలిచి చాప వేసి మజ్జిగ ఇచ్చే పెద్దావిడ గుమ్మం బయటే నిలబడి మాట్లాడింది. "లోపల బాగోదయ్యా, మీరు కూర్చోలేరు" అంది. అదే ఇల్లు, అదే చాప. మారింది మేము ఎక్కి వచ్చిన బండి. ఆ రోజు ప్రార్థన చేసి వచ్చేశాం గానీ, ఆ మాట మాత్రం మమ్మల్ని వదల్లేదు. తర్వాత కారు అమ్మేశాం. మోటారుసైకిలు మీద వెళ్తే మళ్లీ చాప వేసింది. కారు ఉండటమే పాపం అని మేము అనడం లేదు. జబ్బుపడినవాళ్లను అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లే సహోదరుల కార్ల వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో మాకు తెలుసు. మా కారు మాకూ ఆమెకూ మధ్య నిలబడింది, అంతే చెబుతున్నాం.

నర్సాపురం లేసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మిషనరీ కుటుంబాల స్త్రీలు మన ఆడపిల్లలకు దారంతో లేసు అల్లడం నేర్పారు. కరువులో ఇంట్లో కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకోవడానికి అది ఆధారమైంది. తర్వాత కులంతో, మతంతో సంబంధం లేకుండా ఊరూరా పాకింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతోషం. కానీ మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో నర్సాపురం లేసు అల్లేవాళ్ల మీద ఒక పుస్తకం రాసి, విదేశాలకు పోయే ఆ సరుకు మీద వ్యాపారులు ఎంత సంపాదించారో, అల్లిన ఆడవాళ్ల చేతికి ఎంత తక్కువ వచ్చిందో బయటపెట్టారు. నేర్పినవాళ్లు ప్రేమతో నేర్పారు. మధ్యలో చేరినవాళ్లు లాభం తీసుకున్నారు. మంచి పని మొదలుపెట్టడంతో బాధ్యత తీరదు, అది ఎవరి చేతుల్లోకి పోతోందో కనిపెట్టి ఉండాలి.

బౌడెన్ గారు దాదాపు నలభై ఏళ్లు ఈ నేల మీదే ఉండి పని చేశారు. ఆయన పిల్లలు, బీర్ గారి పిల్లలు కూడా ఇదే పరిచర్యలోకి వచ్చారు. పిల్లలు అదే పనికి రావడం మాకు పెద్ద సాక్ష్యంగా అనిపిస్తుంది. బయట త్యాగం, ఇంట్లో సణుగుడు ఉంటే పిల్లలు ఆ దారిలోకి రారు. మన బోధకుల పిల్లలు ఎందరు సేవ అంటేనే ముఖం తిప్పుకుంటున్నారో చూసినప్పుడు మాకు ఇది గుర్తొస్తుంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మన సంఘం ముందు కూడా ఒక నిర్ణయం ఉంది. రేకులు మార్చి శ్లాబు వేద్దామని, పైన హాలు కట్టి ఏసీ పెట్టిద్దామని, దానికి బయట అప్పు తెద్దామని పెద్దల్లో కొందరి ఆలోచన. వద్దని కొందరు. మేము ఎటూ చెప్పకుండా రెండు నెలలు నెట్టుకొచ్చాం. అది మా పిరికితనం. ఈ రోజు మా మనసులో మాట చెబుతున్నాం. వేసవిలో రేకుల కింద ముసలివాళ్లు పడే బాధ మాకు తెలుసు. ఆ రేకులు మార్చాల్సిందే. చేతిలో ఉన్నంతతో కడదాం, ఒక ఏడాది ఆలస్యమైనా సరే. అప్పుతో వద్దు. వడ్డీ కట్టడానికి ప్రతి ఆదివారం కానుకల గురించి గట్టిగా మాట్లాడాల్సిన బోధకుడిని మీరు తయారు చేసుకోవద్దు. చిత్తూరులో గ్రోవ్స్ గారికి ఏమైందో మేము చదివాం. మాకు ఆయనంత విశ్వాసం లేదు.

ఇంకా ఒక్కటి. పెద్దల లెక్క చూసుకోవడానికి ముందు మా లెక్క మీ ముందు పెడతాం. ఈ నెలాఖరు సంఘ కూటంలో మాకు వచ్చేది ఎంత, పోయేది ఎంత, కాగితం మీద రాసి చదువుతాం. గ్రోవ్స్ దంపతులు పదో వంతుతో మొదలుపెట్టి ఎక్కడిదాకా వెళ్లారో మీకు చెప్పాం. మేము నాలుగో వంతు దగ్గర కూడా లేము. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ రోజు ప్రశ్న అడిగిన అబ్బాయికి ఇంకో పని అప్పజెబుతున్నాం. మీ నాయనమ్మ దగ్గర కూర్చుని, మీ ఇంట్లో మొదట ఎవరు నమ్మారో, ఏ ఊళ్లో, ఎవరి దగ్గర విన్నారో, నమ్మినందుకు ఏం పోగొట్టుకున్నారో అడిగి రాసి తీసుకురా బాబూ. తోటివాళ్లను కూడా వాళ్ల ఇళ్లలో అడగమను. ఓడ దిగినవాళ్ల పేర్లు మన దగ్గర ఉన్నాయి. మట్టి తట్ట మోసినవాళ్ల పేర్లు మీరు తెండి. సంఘ కూటంలో అవి కూడా చదువుదాం.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, నీవు ధనవంతుడవై ఉండి మా కోసం బీదవాడివయ్యావు. ఎడారి ఊళ్లో సమాధి అయిన ఆ తల్లిని, ఈ గోదావరి నేల మీద చెమట కార్చిన మా పెద్దలను జ్ఞాపకం చేసుకుని నిన్ను స్తుతిస్తున్నాం. అప్పుల్లో ఉన్న మా సహోదరులకు దారి చూపించు. మాకు ఉన్నదానితో నడిచే మనసు దయచేయి. బీదవాడి గుమ్మంలో మాకు మళ్లీ చాప వేసే రోజులు ఇవ్వు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

మీ ప్రార్థనల్లో మమ్మును జ్ఞాపకం చేసుకోండి.